పైనీళ్ళు, కిందినీళ్ళు

"సీసా ముంచే ముందు అడగక్కర్లేదా?" అన్నాడు యావోర్.

"వాగును అడిగానండీ. కాదనలేదు," అంది బిల్యానా తలెత్తకుండానే.

బల్గేరియా కొండల్లో ఆ వాగు ఒడ్డున యావోర్ వాళ్ళది గొర్రెపాల చీజ్ డెయిరీ. దిగువన చేపలు చస్తున్నాయని ఎవరో ఫిర్యాదు చేస్తే, నీటి పరీక్షకు వచ్చిందామె.

మూడో రోజుకల్లా సీసాల పెట్టె యావోర్ చేతికొచ్చింది. రోజూ పొద్దున్నే డెయిరీకి పైన ఒక సీసా, కింద ఒక సీసా. నడుమ ఆమె కబుర్లు. అతనికి ఏ బెంగా లేదు. చీజ్ చేయగా మిగిలే విరుగుడు నీళ్ళకి కొత్త ట్యాంకు కట్టించాడు మరి.

పన్నెండో రోజు నీళ్ళలోని ఆక్సిజన్ లెక్క తనే వేశాడు. "పై సగటు, కింది సగటు దగ్గరదగ్గరే. వానరోజుకీ ఎండరోజుకీ ఉన్న తేడా ముందు ఇదెంత?"

"అన్నీ కలిపేస్తే ఎలా? ఏ రోజు సీసాకి ఆ రోజు సీసానే జత. వానొస్తే రెండింటికీ వానేగా."

రోజువారీ తేడాలు తీస్తూ ఉన్నట్టుండి ఆగిపోయిందామె.

"పదకొండు రోజులు కిందే ఆక్సిజన్ తక్కువ. నిజంగా తేడా లేకపోతే, ఊరికే ఇలా రావడం వెయ్యికి నాలుగుసార్లు కూడా ఉండదు."

యావోర్ మొహం పాలిపోయింది. "నాతో నడిచింది ఇందుకా?"

"సీసాలు నింపింది ఇందుకు. నడిచింది ఇందుకు కాదు."

అతను సరాసరి డెయిరీకి వెళ్ళి నేలచెక్కలు లేపాడు. వాగులోకి పోయే, ఎప్పుడో మూసేసిన పాత తూము తడిగా ఉంది. పుల్లటి వాసన. వెనక తల్లి స్తోయంక నిలబడి ఉంది.

"విరుగుడు తాగే పందుల్ని అమ్మేశావు. ట్యాంకు నిండితే విరుగుడు నీళ్ళు నా నెత్తిన పోసుకోనా?"

 మధ్యాహ్నానికి అతను బిల్యానా దగ్గరికొచ్చాడు. రిపోర్టు ఆపమంటాడనే ఆమె భయం.

"పంపించు. తూము ఎక్కడుందో నేనే చూపిస్తా."



డెయిరీ ఆరువారాలు మూతపడింది. తూము సిమెంటుతో పూడ్చి, రెండో ట్యాంకు కట్టారు. మళ్ళీ పన్నెండు రోజులు, మళ్ళీ జతలు. ఈసారి కొన్నాళ్ళు పైన తక్కువ, కొన్నాళ్ళు కింద తక్కువ.

"ఇప్పుడు తేడా ఉందనడానికి ఆధారం లేదు," అని రాసుకుంది బిల్యానా.

అన్నాళ్ళూ ఆమెతో మాట్లాడని స్తోయంక ఒడ్డుకొచ్చింది. "పెళ్ళయ్యాక మా ఇంట్లో కూడా ఇలాగే కొలుస్తూ తిరుగుతావా, అమ్మాయ్?"

బిల్యానా చేతిలో సీసా జారి వాగులో పడింది. "ఆయన ఇంకా అడగందే పెళ్ళేంటండీ?"

తల్లి కొడుకు వైపు నిర్ఘాంతపోయి చూసింది. "రెండు నెలల్నుంచి సీసాలే మోశావా?"

యావోర్ మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి సీసా పట్టుకున్నాడు. చలికి వణుకుతూ, తల్లి ముందే అడిగేశాడు.

బిల్యానా బూట్లయినా విప్పకుండా వాగులోకి దిగింది.