చీజ్ సూప్ లైనులో నాలుగో చోటు

ఓర్లాండో దగ్గర సన్‌రిడ్జ్ పార్కులో పనిచేసిన ఎవరినైనా అడగండి. సరస్సు పక్కన చీజ్ సూప్ అమ్మే కొట్టు, దాని ముందు దీపస్తంభం... ఆ స్తంభం కింద చోటు మంచిది కాదంటారు.

కౌంటరు నుంచి లెక్కపెడితే అది లైనులో నాలుగో చోటు. పదకొండేళ్ళ కిందట, పార్కులో ఏటా జరిగే తిండీ వైన్ పండగలో, టాకెట్ అనే పళ్ళ డాక్టరు ఒంటరిగా వచ్చి, సూప్ కోసం రెండు గంటలు నిలబడ్డాడు. ముందు ముగ్గురే మిగిలారు. అంతలో గుండె ఆగి అక్కడే కూలిపోయాడు.

అప్పట్నుంచి ఆ చోట ఎవరూ నిలబడరు. లైను అక్కడికి వచ్చేసరికి అయిదో మనిషి ఓ పెద్ద అంగ వేసి మూడో చోటుకి దూకేస్తాడు. అయినా ఒంటరిగా వచ్చినవాళ్ళని ఆ చోటు వదలదట. చెవి దగ్గర చల్లగా గాలి తగులుతుంది. ఎవరో గుసగుసలాడతారు—

"ఒంటరిగా వచ్చారా...?"

అంతే. ఆ మాట చివరిదాకా విన్నవాళ్ళు లేరు. ప్లేట్లు పారేసి పరుగే.

లోర్నా బీస్లీకి ఈ సంగతేమీ తెలియదు. ఒకాలా అనే ఊళ్ళో ముప్ఫై రెండేళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. అరవై మంది పిల్లల అరుపులు వీపు వెనక పెట్టుకుని బతికింది. అందుకే పండగ ఆఖరి రోజున ఒక్కతే బయల్దేరింది.

పొద్దున కూతురు ఫోన్ చేసింది. "ఒక్కదానివే వెళ్ళావా అమ్మా? అయ్యో పాపం!"

"పాపం నీకే. నా ప్లేట్లో ఇంకెవరి ఫోర్కూ పడదివాళ," అంది లోర్నా.

అన్నట్టే తింది. గొర్రెమాంసం ఉండలు తింది. వెన్నలో వేయించిన రొయ్యలు తిని, నచ్చేసరికి మళ్ళీ వెళ్ళి అవే తింది. చెప్పులు విప్పేసి గట్టు మీద కాళ్ళు చాపుకుని కూచుని, నాలుగు కొట్లలో నాలుగు రకాల వైన్ రుచి చూసింది. ఎవరూ "ఇంకెంతసేపు?" అనలేదు. ఎవరికీ ఆకలి వేయలేదు, కాళ్ళు నొప్పి పుట్టలేదు. స్వర్గంలా ఉంది.

ఒక్క చీజ్ సూప్ మిగిలింది. చీకటి పడ్డాక వెళ్ళి లైనులో నిలబడింది. గంట గడిచింది. ముందువాళ్ళు దూకి వెళ్ళిపోగా, స్తంభం కింద ఖాళీ చోటుకి సరిగ్గా వెనక తేలింది.

కౌంటర్లోంచి సూప్ పోసే క్లైడ్ అరిచాడు. "నాలుగు గిన్నెలే ఉన్నాయి! తర్వాత వచ్చే ఏడాదే!"

అప్పుడు... నాలుగు గ్లాసుల వైనూ ఒక్కసారిగా తన సంగతి గుర్తు చేసింది.

బాత్రూమ్ ఎదురుగానే ఉంది. కానీ లైను వదిలితే చోటు పోతుంది. ఒంటరిగా రావడంలో ఉన్న ఒకే ఒక్క కష్టం అదీ! వెనక ఉన్నావిడ వైపు తిరిగింది.

"కాస్త నా చోటు చూస్తారా అమ్మా?"

ఆవిడ ముఖం పాలిపోయింది. "నేను... అంత ముందుకి రానండీ. మీ ముందు ఎవరున్నారో తెలుసా?" అంటూ టాకెట్ గారి కథంతా గొంతు తగ్గించి చెప్పింది.

లోర్నా ముందుకి చూసింది. ఎవరూ లేరు. చల్లటి గాలి మాత్రం ఉంది — ఫ్లారిడాలో, ఆ ఉక్కలో!

చెవి దగ్గర ఊపిరి తగిలింది.

"ఒంటరిగా వచ్చారా...?"

ఒంట్లో రోమాలన్నీ లేచి నిలబడ్డాయి. కాళ్ళు పరుగెత్తమన్నాయి. ఎలాగూ బాత్రూమ్ దాకా పరుగెత్తాల్సిందే కదా!

"అవును! ఒక్కదాన్నే! అదేం నేరమా?" అంది పళ్ళు బిగించి. "ఇక్కడే ఉంటారుగా? నా చోటు చూడండి. రెండు నిమిషాలు."



"చూస్తాను," అంది గొంతు.

లోర్నా వెళ్ళి వచ్చింది. లైనులో ఇప్పుడు ఇద్దరు పట్టేంత ఖాళీ ఉంది. వెనకావిడ గీత గీసినట్టు అక్కడే ఆగిపోయి ఉంది.

"ధన్యవాదాలండీ," అంది లోర్నా గాలితో.

"అయితే..." గొంతు తడబడింది. "మీరు కూడా... నా చోటు చూస్తారా? పదకొండేళ్ళుగా ఆపుకున్నానమ్మా! ఒక్క అడుగు వేస్తే ఏమవుతుందోనని ముందుకి కూడా కదల్లేదు. ఎవర్ని అడుగుదామన్నా, పూర్తిగా వినకుండానే పారిపోతున్నారు..."

లోర్నా బాత్రూమ్ వైపు చెయ్యి చూపించింది. "వెళ్ళిరండి బాబూ!" అంది.

చల్లగాలి ఆమెని రాసుకుంటూ, ఎంత హడావుడిగా పోయిందో! మరుక్షణం మగవాళ్ళ బాత్రూమ్‌లోంచి ఎనిమిది మంది బెల్టులు పట్టుకుని బయటికి దూకారు. లోపల్నుంచి ఓ నిట్టూర్పు వినిపించింది. నెమ్మదిగా... హాయిగా... ఎంతకీ ఆగకుండా. సరస్సు మీద బాతులు కూడా తలలు తిప్పి చూశాయి.

ఈలోగా ముందున్న ముగ్గురూ సూప్ తీసుకుని వెళ్ళిపోయారు. లోర్నా కౌంటరు ముందు నిలబడింది. క్లైడ్ గరిటెతో సూప్ కుండ అడుగు గీకాడు.

"అదృష్టవంతులు మేడం! ఆఖరి గిన్నె మీదే."

పొగలు కక్కుతున్న చీజ్ వాసన ముక్కుకి తగిలింది. తీసేసుకుంటే అడిగేవాళ్ళెవరు? దెయ్యం వచ్చి ఫిర్యాదు చేస్తుందా?

కానీ ముప్ఫై రెండేళ్ళు పిల్లల్ని వరస తప్పనివ్వని మనిషి. తన చేతిని తనే వెనక్కి లాక్కుంది.

"నా ముందు ఒకాయన ఉన్నారు," అంది నీరసంగా. "అక్కడ పెట్టు. వస్తున్నారు."

క్లైడ్ గిన్నె పెట్టి, నాలుగు అడుగులు వెనక్కి వేశాడు.

గాలి చల్లబడింది. చెంచా దానంతటదే లేచింది. సూప్‌లో మునిగింది... పైకి లేచింది... వంగింది. వెనక లైను మొత్తం ఊపిరి బిగబట్టింది.

చప్పరించిన చప్పుడు. చెంచా తిరిగి గిన్నెలో పడింది.

"...ఇంతేనా?" అంది గొంతు. "ఉప్పెక్కువైనట్టుందే?"

లోర్నా రెండు చేతులూ నడుము మీద పెట్టుకుంది. ఒకాలా బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతుతో అరిచింది—

"నోరు మూసుకుని తినండి!"