పుదీనా పేజీ

లైబ్రరీలో ఫ్యాన్లన్నీ ఆపేశారు. కిటికీలు సగం మూసేశారు. ఒక్క కాగితం ఎగిరినా ఊరుకునేది లేదని అమ్మ ముందే చెప్పింది. ఆ లైబ్రరీకి లైబ్రేరియన్ అమ్మే మరి.

పొడవాటి బల్లల మీద పాత రాతప్రతులు పరిచి ఉన్నాయి. అచ్చు యంత్రాలు రాకముందు ఎవరో చేత్తో రాసినవి. మందుమొక్కల బొమ్మలు, పక్కనే మందు తయారుచేసే పద్ధతి. ఒక డాక్టరుగారు జీవితమంతా వెతికి వెతికి వాటిని పోగుచేశారు. ఈమధ్యే ఆయన చనిపోయారు. తన తర్వాత అవన్నీ ఊరి లైబ్రరీకే చెందాలని వీలునామాలో రాసిపెట్టారు.

అమ్మ వెంట వచ్చిన గబగబకు ఆ బొమ్మలు భలే నచ్చాయి. గబగబ అన్నది అసలు పేరు కాదు. ఐదో క్లాసు చదివే ఆ పిల్ల అన్నం గబగబా తింటుంది. హోంవర్క్ గబగబా చేస్తుంది. మెట్లు గబగబా దిగి మోకాళ్లు కొట్టుకుంటుంది. నాన్న సరదాగా పెట్టిన పేరు అలాగే ఖాయమైపోయింది.

"చేతులు వెనక్కి పెట్టుకుని చూడు," అంది అమ్మ. ఇంతలో ఫోన్ మోగితే ఆఫీసు గదిలోకి వెళ్లింది.

గబగబ ఒక పుదీనా బొమ్మ దగ్గర ఆగింది. ఆకుల ఈనెలు కూడా ఎంత చక్కగా గీశారో! కానీ పేజీ పక్కన చిరిగి ఉంది.

'అయ్యో పాపం! అమ్మ వచ్చేలోపు అతికించేస్తే ఎంత సంతోషిస్తుందో!'

కౌంటర్ మీద సెల్లోటేపు కనిపించింది. చటుక్కున ఒక ముక్క తుంచి అంటించింది. అది కాస్త వంకరగా పడింది. సరిచేద్దామని లాగింది. టేపుతోపాటు రెండు అక్షరాలు లేచి వచ్చేశాయి.

టేపును మళ్లీ అలాగే నొక్కేసింది. పేజీని పక్కనున్న దొంతర మధ్యలో దూర్చేసింది.

ఆ పూట ఇంట్లో అన్నం మెతుకు మెతుకు ఏరుకుంటూ తింది. నాన్న కంగారుపడి దాని నుదురు తాకి చూశాడు. "జ్వరం లేదే! మరి ఇంత మెల్లగా తింటోందేమిటి?"

మర్నాడు గబగబ కూడా లైబ్రరీలో ఉండగానే కాగితాల ఆంటీ వచ్చింది. పాత కాగితాలు బాగుచేయడమే ఆవిడ ఉద్యోగం. కాగితాలను నొక్కి సాపుచేసే పెద్ద ఇనుప ప్రెస్ తెచ్చి బల్ల మీద పెట్టించింది.

"ఈ దొంతర బాగా ముడతలు పడిందండీ. దీంట్లో పెట్టి బిగిద్దాం. లోపల టేపులూ గట్రా లేవు కదా? జిగురు పిండుకొచ్చి పక్క పేజీలకు పట్టేసిందంటే ఇక విడదీయలేం."

"మా దగ్గర అలాంటి పని ఎవరు చేస్తారండీ?" అని నవ్వింది అమ్మ.

ఆంటీ ప్రెస్ పిడి మీద చెయ్యి వేసింది.

"ఆగండి!" గబగబ గొంతు కీచుమంది. "టేపు ఉంది. నేనే అంటించాను."

అమ్మ నవ్వు ఆగిపోయింది. "ఒక్క మాట నన్నడిగి ఉంటే ఏం పోయేదే?" అంది.

ఆంటీ పేజీని బయటికి తీసి భూతద్దం పెట్టుకుంది. ఏదో ద్రవం చుక్క చుక్కగా వేస్తూ, సన్నటి రేకుతో టేపును విడదీస్తూ సాయంత్రం దాకా కూర్చుంది. గబగబ పక్కనే ఉండిపోయింది.

"ఒక అక్షరం దక్కిందమ్మాయ్. రెండోది పొడైపోయింది."

"మీరు మళ్లీ రాసేయొచ్చు కదా ఆంటీ?" కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"నేను రాస్తే అది నా రాత అవుతుంది. అప్పట్లో రాసినవాళ్లది కాదుగా. ఖాళీగానే ఉంచుదాం."

రాతప్రతులను అద్దాల పెట్టెల్లో పెట్టి అందరికీ చూపించే రోజు వచ్చింది. డాక్టరుగారి భార్య ఒక్కో పెట్టె దగ్గరా ఆగుతూ వచ్చింది. పుదీనా పేజీ దగ్గర చాలాసేపు నిలబడింది.

"ఈ పేజీ అంటే ఆయనకు ప్రాణం. ఇక్కడో అక్షరం ఉండాలే... పాతదై రాలిపోయినట్టుంది పాపం."

అమ్మ గబగబ వైపు చూసింది. ఆంటీ అద్దం తుడుస్తూ ఉండిపోయింది.

"రాలిపోలేదు మామ్మగారూ," అంది గబగబ. "నేను టేపు అంటించి లాగాను. అందుకే పోయింది."

మామ్మగారు కళ్లజోడు సర్దుకుని ఆ పిల్లను ఎగాదిగా చూసింది.

"ఆయనే ఉంటే బాగా కోప్పడేవారు."

"తెలుసండీ."

"కోప్పడ్డాక ఈ పాత రాత చదవడం నేర్పేవారు. కుర్చీ తెచ్చుకో. ఆయన బదులు నేను నేర్పుతా."

గబగబ కుర్చీ తెచ్చుకుంది. మెలికలు తిరిగిన ఆ అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. ఖాళీ దగ్గరికి వచ్చేసరికి ఏదో అక్షరం నోటిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపుకుని మామ్మగారి వైపు తిరిగింది.

"ఇక్కడ ఏముండేదండీ?" అని అడిగింది.