కామాగారి ఫీడు

మూడో అంతస్తులో మెట్ల పక్క గది. ఆ వార్తల ఆఫీసులో పగలు ఎవరైనా అక్కడ కూర్చుంటారు. రాత్రి డ్యూటీ అనేసరికి మాత్రం ఒకరికి కడుపునొప్పి, ఇంకొకరి మేనత్తకు ఒంట్లో బాగుండదు. ఏడాదిలో ముగ్గురు సబెడిటర్లు ఆ గదిలోంచి చెప్పులు కూడా వేసుకోకుండా దిగి పారిపోయారట.

అంతకుముందు అక్కడ కూర్చున్నది కామాగారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఒక్క కామా తప్పితే ప్రాణం పోయినట్టు గింజుకునేవారు... చివరికి నిజంగానే పోయారు. నిద్రలో.

ఆ కుర్చీలోకి ఓ కొత్తమ్మాయి వచ్చింది. ఉద్యోగం ఖాయం కావాలంటే మూడు నెలలు రాత్రి డ్యూటీ చెయ్యాలి.

"దెయ్యమైతేనేం సార్, పనివేళ అరవకపోతే చాలు," అంది.

ఎడిటరు నవ్వలేదు.

పని తేలికే. తెరమీద ఫీడ్ రీడర్ — వందల సైట్లలో ఏది కొత్తగా పడినా దానంతటదే వచ్చి వరుసలో చేరుతుంది. చదవనిది లావుపాటి అక్షరాల్లో కనిపిస్తుంది. పనికొచ్చేవి ఏరి, తిరగరాసి, తమ సైట్లో పెట్టాలి. ఆ జాబితా కామాగారు చేసిందే. అట్టడుగున ఆయన సొంత బ్లాగు కూడా ఉంది. పేరు 'తప్పులు'. తీసెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

నాలుగో రాత్రి. ఒంటిగంట దాటింది. మేయర్ పుట్టినరోజు వార్త పెట్టేసి, ఆవులిస్తూ జాబితా కిందికి జరిపింది...

ఆవులింత సగంలో ఆగిపోయింది.

'తప్పులు' — పక్కన ఒకటి. కొత్తది. లావుపాటి అక్షరాల్లో.

నొక్కింది.

"మేయర్ వార్త. శీర్షిక చూడు."

చూసింది.

'మేయర్ పుట్టినరోజు: నగరమంతటా సంతాపం.'

'సంత' అని కొట్టగానే మిషనే మిగతాది పూరించింది, తను చూసుకోలేదు! కాళ్లు మెట్లవైపు లాగుతున్నాయి... కానీ ఇది ఇలాగే తెల్లారితే? పళ్లు బిగబట్టి 'తాపం' చెరిపింది. 'తోషం' కొట్టింది.

నిమిషం గడిచింది. 'తప్పులు' పక్కన మళ్లీ ఒకటి.

"దిద్దావే! పారిపోలేదేం?"

"ఎ... ఎవరండీ?" అంది, తెరతోనే.

టేబుల్ మీద ఫోను గణగణా మోగింది.

చెవి దగ్గర పెట్టుకుంది. సన్నటి గొంతు, గుసగుసగా —

"దడుచుకోకమ్మా... కామాగారి భార్యని."

కొత్తమ్మాయి ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"నిద్రపట్టదు తల్లీ. ఆయన ఫీడ్ రీడర్ ఇంట్లోనూ ఉంది. మీరు ఏం పెట్టినా నా ముందుకొచ్చి పడుతుంది. తప్పు కనబడితే ఊరుకోలేను."

"మొదటే ఫోను చెయ్యొచ్చుగా పిన్నిగారూ! పై ప్రాణాలు పైనే పోయాయి!"

"ముసలమ్మ ఫోన్ చేసి చెబితే ఎవరు వింటారు? ఆయన చెబితే వింటారు. అందుకే ఆయన బ్లాగులో రాస్తాను." ఆవిడ కిసుక్కున నవ్వింది. "రాత్రుళ్లు ఆయన అక్కణ్ణుంచి వార్తలు పంపేవారు, నేనిక్కడ కూర్చుని దిద్దేదాన్ని. పాపం, ఆయనకి కామాకీ చుక్కకీ తేడా తెలీదు."

"మరి నాకెందుకు ఫోను చేశారు?"

"ఆ ముగ్గురూ తప్పు దిద్దకుండానే లేచి పరిగెత్తారు. నువ్వు దిద్దావు."

పొద్దున్నే ఎడిటరు వచ్చి గుమ్మంలోనే ఆగాడు.

"రాత్రి... ఆయన వచ్చారా?"

నిజం నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"వచ్చారు సార్. మీ సంపాదకీయం చదివారు."

"ఏ... ఏమన్నారు?"

"రెండో పేరా ఎందుకు రాశారో అర్థం కాలేదన్నారు."

మధ్యాహ్నానికల్లా సైట్లో ఆ పేరా లేదు.