సొట్టచెంబు

"వద్దు! నువ్వు ఆ ఇంటి గడప తొక్కినన్నాళ్ళూ నీ చేతి ముద్ద నాకొద్దు!"

అంతే అన్నాడు ఆయన. కంచం పక్కకు నెట్టి, చొక్కా తగిలించుకుని యూనియన్ ఆఫీసుకు వెళ్ళిపోయాడు. రొట్టెలమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన అరవని రోజులు లేవని కాదు... కానీ ఆకలితో కంచం ముందు నుంచి లేచిపోయిన రోజు ఒక్కటంటే ఒక్కటి లేదు! ఎంత కోపం వచ్చినా తిన్న తర్వాతే అలిగే మనిషాయన.

రొట్టెలమ్మ అన్నది ఆమెకు చర్చి సంఘం వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు. నెలనెలా మొదటి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల దగ్గర విరిచే రొట్టె ఆమె చేసిందే. ఉప్పు వేయకూడదు, పొంగనివ్వకూడదు. సొట్టపడ్డ ఒక ఇత్తడి చెంబుతో కొలిచి, చెంబెడు పిండిని గోరువెచ్చని నీళ్ళతో కలిపి, ప్రార్థన చేసుకుంటూ కాల్చాలి. ఆ పని నేర్పింది అత్తగారే. చేతులు నొప్పులు పుట్టి మానుకున్నాక కోడలికి అప్పగించింది. "కొలతకు ఈ చెంబే వాడాలి, వేరేది వాడావో ఊరుకోను" అని మాత్రం గట్టిగా చెప్పింది. ఎందుకని అడిగితే, "అడక్కు!" అనేది.

ఇప్పుడు ఇంటి మీదికి వచ్చిన గొడవంతా ఎదురింటి గురించి. మిల్లులో సమ్మె మొదలై మూడో నెల. వీధి వీధంతా రెండుగా చీలిపోయింది. గేటు బయట నిలబడ్డవాళ్ళు ఒకటి, లోపలికి పనిలోకి వెళ్ళినవాళ్ళు ఒకటి. ఆయన యూనియన్ సెక్రటరీ. ఎదురింటి ఫిట్టరేమో సమ్మె విడిచి లోపలికి వెళ్ళినవాడు. ఆ రోజు నుంచి ఆ ఇంటి వైపు చూసిన నాథుడు లేడు. ఒకే సంఘం, ఒకే పాటల పుస్తకం... అయినా పలకరింపు లేదు! ఫిట్టరు భార్యకు కాన్పయి పదిహేను రోజులు కూడా కాకుండానే ఒళ్ళు కాలిపోయే జ్వరం. భర్త పనిలోకి వెళితే ఇంట్లో పచ్చి బాలింత, పసిగుడ్డు. బట్టలు ఆరేస్తుంటే రొట్టెలమ్మకు ఆ బిడ్డ ఏడుపు వినిపించింది. ఎత్తుకునే దిక్కు లేక, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయిన ఏడుపది! బక్కెట్టు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఎదురిల్లంటే ఎంత దూరం? ఇరవై అడుగులు! ఆ ఇరవై అడుగులే ఆమె కొంప ముంచాయి.

మొదట్లో ఆయన మెత్తగానే చెప్పాడు. "నాకు మాత్రం జాలి లేదంటావా? వెనక సందుంది కదా, ఎవరి కంటా పడకుండా వెళ్ళిరా. నేనూ చూడనట్టే ఉంటాను. నా పరువూ దక్కుతుంది, నీ పుణ్యమూ నీకుంటుంది."

సరేనని ఒకరోజు వెనక సందులోంచే వెళ్ళింది. చేరవేసిన వెనక తలుపు తోసుకుని వస్తున్న ఆమెను చూసి ఫిట్టరు భార్య దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"అక్కా... నువ్వు కూడా వెనక నుంచేనా? మమ్మల్ని చూడ్డానికి రావడం అంత సిగ్గుపడే పనా అక్కా?..."

ఆ మాటకు రొట్టెలమ్మ కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. "నా తల్లే! తప్పయిపోయిందమ్మా!" అని ఆ పిల్ల తల నిమిరింది. మర్నాటి నుంచి పట్టపగలు, వీధంతా చూస్తుండగా, ముందు గుమ్మంలోంచే వెళ్ళింది. బిడ్డకు నీళ్ళు పోసింది, తల్లికి గంజి పట్టింది, మందు వేసింది.

ఇక చెప్పాలా! కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్ళు బిందెలు తీసేసుకున్నారు. "సెక్రటరీ ఊరందరికీ గేటు మూయిస్తాడు, పెళ్ళానికి మాత్రం తలుపు తెరుస్తాడు!" అని వెక్కిరించారు. యూనియన్ కమిటీవాళ్ళు పది రోజులు, పై సోమవారం దాకా గడువిచ్చారు. భార్యను ఆపుతాడో, పదవి దిగుతాడో తేల్చుకోమన్నారు. ఆయన కంచం నెట్టేసింది ఆ రోజే. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆఫీసులో టీ, బన్నులతోనే కడుపు నింపుకున్నాడు. చొక్కా భుజాల మీద వదులైంది. ఆమె మాత్రం రోజూ కంచం పెట్టేది. రోజూ చల్లారాక తీసేది.

వీటన్నిటినీ పంటి బిగువున భరించింది. కానీ గురువారం పాస్టరుగారు వచ్చి, చూపు నేల మీద పెట్టి, "అమ్మా, ఈ నెల రొట్టె మీ అత్తగారిని చేయనిద్దాం. నీ చేతిదైతే కొందరు బల్లకు రామంటున్నారు..." అన్నప్పుడు మాత్రం నిలువునా కూలబడింది. దేవా! నీ పేరు చెప్పుకునే కదా ఆ ఇంటికి వెళ్ళాను, నీ బల్లకే పనికిరాకుండా పోయానా?... అని లోపల్లోపలే కుమిలిపోయింది.

శనివారం మధ్యాహ్నం అత్తగారు కొంగు బిగించి వంటింట్లోకి దిగింది. కోడలు పొయ్యి దగ్గరికి రాకూడదు! గుమ్మంలోనే నిలబడింది. ముందు గదిలో ఆయన పేపరు తిరగేస్తున్నాడు. అత్తగారు సొట్టచెంబుతో పిండి కొలిచి పళ్ళెంలో పోసింది. ఆ తర్వాత చెయ్యి అలవాటుగా ఉప్పు డబ్బాలోకి వెళ్ళింది.

"అత్తయ్యా... ఉప్పు..."

"నోర్ముయ్! నీకు నేర్పినదాన్ని నేను! నాకే చెప్తావా?"

ఊరుకుంది పాపం. రొట్టె కాలింది. అంచు విరిగి ఒక ముక్క రాలితే అత్తగారు నోట్లో వేసుకుంది. నమిలింది... ఆగింది... మెల్లగా పీట మీద కూర్చుండిపోయింది.

"ఉప్పే!" అంది. "ఇరవయ్యేళ్ళు చేసిన చెయ్యే! చూడవే, బల్ల రొట్టెకు ఉప్పేసింది!"

రొట్టెలమ్మకు నవ్వు, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి. "పోనీలెండి అత్తయ్యా, మళ్ళీ చేసుకోవచ్చు" అంటూ చెంబు అందుకోబోయింది. ముసలామె ఆ చెంబును గబుక్కున గుండెకు హత్తుకుంది. మరుక్షణంలో భోరుమంది!

"ఇంక దాచలేనే అమ్మాయ్... ఈ చెంబు మనది కాదు!"

ముందు గదిలో పేపరు చప్పుడు ఆగిపోయింది.

"ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట. వీడికి రెండేళ్ళు. అప్పుడు మేముండే ఊళ్ళో కూడా ఇలాగే సమ్మె. వీడికి ఊపిరితిత్తులకు నెమ్ము పట్టి, ప్రాణం కళ్ళలోకి వచ్చింది. మందులకు గతిలేక మీ మామయ్య... మీ మామయ్య లోపలికి వెళ్ళాడే! సమ్మె విడిచి పనిలోకి వెళ్ళాడు! మా ఇంటి వైపు కుక్క కూడా రాలేదు. పదకొండు రోజులు, రోజూ వెనక తలుపు దగ్గర ఎవరో ఈ చెంబుతో పాలు పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆ పాలతోనే వీడు బతికాడు. తలుపు తీసేసరికి ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఆవిడకీ భయమే కదా, తన వాళ్ళంటే! చివరి రోజు చెంబు తీసుకోవడానికి రాలేదు. మేం ఊరు విడిచి వచ్చేశాం. నా బిడ్డను బతికించిన తల్లి పొట్టిదో పొడుగుదో కూడా నాకు తెలియదే! ఇన్నేళ్ళుగా ఎవరికి చెప్పుకోను కృతజ్ఞత? అందుకే దేవుడి రొట్టెకు దీంతో కొలిచాను. ఆయనకైనా తెలుస్తుందని!... ఆవిడ ఒక్కసారి ముందు గుమ్మంలోంచి వచ్చి ఉంటే, ముఖమైనా చూసేదాన్ని, కాళ్ళు పట్టుకునేదాన్ని! నువ్వు ముందు నుంచి వెళ్తున్న ప్రతిసారీ నాకు కడుపు రగిలిపోయింది... నీ మీద కోపం కాదే, నా బతుకు మీద!"

ఆయన వంటింటి గుమ్మంలోకి ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. ముఖం పాలిపోయింది. తండ్రి సమ్మెలో గేటు దగ్గర కదలకుండా నిలబడ్డ మనిషని చెప్పుకుంటూ పెరిగినవాడు! తల్లి వైపు చూశాడు, చెంబు వైపు చూశాడు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"వెళ్ళనీ" అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఇదుగో చెంబు. రొట్టె నువ్వే చెయ్యి. పాస్టరుగారికి నేను చెప్తాను. ఉప్పు మాత్రం వెయ్యకేం!"

ఆదివారం గుడి నిండింది. వెనక బెంచీ మీద ఫిట్టరు, దుప్పటి కప్పుకుని నీరసంగా, ఒడిలో బిడ్డతో అతని భార్య. ఆ బెంచీలో ఇంకెవరూ కూర్చోలేదు. పాస్టరుగారు రొట్టె విరిచి, ఎవరి చేతిదో దాచకుండా చెప్పి, రమ్మని పిలిచారు. ఎవరూ లేవలేదు! మూడు, నాలుగు బెంచీలవాళ్ళు తలలు దించుకున్నారు. రొట్టెలమ్మ కళ్ళు మూసుకుంది. తొమ్మిది రోజులుగా చల్లారిన కంచాలన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

బెంచీ కిర్రుమంది. కళ్ళు తెరిచి చూస్తే... ఆయన! నేరుగా బల్ల దగ్గరికి కాదు, ముందు వెనక బెంచీ దగ్గరికి నడిచాడు. "రా ఫిట్టరూ, కలిసి వెళ్దాం" అన్నాడు. ఇద్దరూ పక్కపక్కన మోకరించారు. ఆయన ఆ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. తొమ్మిది రోజుల తర్వాత ఆమె చేతి ముద్ద! ఆయన దవడ కదలడం చూస్తూ రొట్టెలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. స్తోత్రం దేవా, స్తోత్రం... అంతకు మించి ప్రార్థన రాలేదు. తర్వాత కొందరు లేచారు. కొందరు లేవలేదు. ఇద్దరు మధ్యలోనే బయటికి వెళ్ళిపోయారు.

సోమవారం ఆయన యూనియన్ ఆఫీసు తాళాలు కమిటీ చేతిలో పెట్టి వచ్చాడు. "సమ్మె విడవను, గేటు దగ్గరే నిలబడతాను. కానీ నా ఇంటి గుమ్మం మాత్రం మూయను" అని చెప్పాడట. పదేళ్ళ కష్టం ఒక్క పూటలో పోయింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పీట వేసుకున్నాడు.

"పెట్టు. ఆకలేస్తోంది."

"బన్నులు లేవండీ మన ఇంట్లో" అంది ఆమె.

"చాల్లే... నవ్వించకు, ఏడుపొస్తుంది."

ఆ సాయంత్రం అత్తగారు సొట్టచెంబు నిండా పాలు పోసి కోడలి చేతికిచ్చింది. "ముందు గుమ్మంలోంచే సుమా!" అంది.

వారం తిరిగింది. ఎండ ఇంకా తగ్గకముందే ఎవరో తలుపు తట్టారు. అత్తగారే వెళ్ళి తీసింది. జ్వరం పూర్తిగా తగ్గి, ఒక చేత్తో బిడ్డను, మరో చేత్తో సొట్టచెంబును పట్టుకుని ఫిట్టరు భార్య ముందు గుమ్మంలో నిలబడి ఉంది. చెంబు నిండా పిండి, అంచు దాటి గోపురంలా నిలిచింది.

"వచ్చే నెల రొట్టెకమ్మా" అంది ఆ పిల్ల సిగ్గుపడుతూ. "అక్కకి ఇవ్వండి."

ముసలామె చెంబు అందుకోలేదు. ఆ పిల్ల గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురు వైపు తిప్పి, కళ్ళారా, తనివితీరా చూసుకుంది.