పాత రేవులో లేవని అంగడి

రేవుపేటను సాకిందీ గోదారే, ముంచిందీ గోదారే. ఒకప్పుడు ఊరంతా ఏటి ఒడ్డునే ఉండేది. పడవల మీద ఉప్పు, పొగాకు, గాజులు దిగేవి. ఇసుక మెట్ట మీద వారానికోసారి అంగడి. ఆ అంగడికో కట్టుబాటు ఉండేది. పొద్దుగూకేవేళ చాటింపు కట్టయ్య డప్పు కొట్టి, "అంగడి లేసింది, ఎవరిండ్లకు వాళ్ళు పోండ్రి" అని కేకేస్తే తప్ప ఎవరూ చాప చుట్టకూడదు. వాన కొట్టినా సరే, బేరాలు లేక ఈగలు తోలుకుంటున్నా సరే.

సమ్మయ్య పిల్లవాడుగా ఉన్నప్పుడు, సరిగ్గా అంగడి రోజే వరద వచ్చింది. నీళ్ళు పాదాలను తాకుతున్నా జనం కట్టయ్య కేక కోసమే చూశారట. కట్టయ్యేమో అందరికంటే ముందే కొట్టుకుపోయాడు. ఆ రోజు జ్వరంతో ఇంట్లో మూలుగుతున్న సాలె మొండయ్య మాత్రం కొడుకు సమ్మయ్యను ఎత్తుకుని మెరక ఎక్కి బతికాడు.

తర్వాత ఊరూ మెరక మీదికి మారింది, అంగడీ బాట పక్కకు మారింది. మారనిది ఒక్క మొండయ్యే. ముసలితనం మీద పడ్డాక మరీ మొండికేశాడు. అంగడి రోజు వచ్చిందంటే చీరల మూట నెత్తిన పెట్టుకుని పాత రేవుకు నడిచేవాడు. ఎవరూ లేని ఇసుకలో చాప పరిచి కూర్చునేవాడు. చీకటి పడేవేళ సమ్మయ్య వెళ్ళి, బతిమాలి, తిట్టి, చివరికి రెక్క పట్టుకుని లాక్కొచ్చేవాడు. ఊళ్ళో నవ్వులపాలైంది చాలదన్నట్టు ప్రతివారం ఇదో గోస.

ఇప్పుడిక ఓపిక అయిపోయింది. ఎక్కడో యుద్ధమట, ఇక్కడ నూలు కరువు. మగ్గం మూలపడింది. కాజీపేట రైల్వేలో ఉన్న బావమరిది చెప్పి, సమ్మయ్యకు వరంగల్ మిల్లులో పని కుదిర్చాడు. తెల్లారితే బండి కట్టాలి. పెళ్ళాం భాగ్యమ్మ సామాను సర్దేసింది. తీరా చూస్తే ముసలాయన లేడు; ఆ రోజు అంగడి. ఆయన్ని వదిలి వెళ్ళలేడు, ఆయన కోసం ఆగితే ఆ పనీ దక్కదు.

సమ్మయ్యకు ఒళ్ళు మండిపోయింది. కొత్త అంగడి చాటింపు మనిషి దగ్గర డప్పు అడిగి తీసుకుని రేవుకు దిగాడు.

మబ్బు పట్టి ఉంది. ఏరు ఎర్రగా పొంగుతోంది. మొండయ్య చాప మీద కూర్చుని, మడత విప్పిన చీర అంచును గాలికి చూపిస్తున్నాడు.

"లే నాయినా. పొద్దుగూకుతాంది."

"అంగడి లేవంది ఎట్ల లేస్తరా?"

"ఏడుంది అంగడి? ఉత్త ఇసుకనాయె!"

"నీకు కనబడకుంటే లేనట్టేనా?" అని ముసలాయన పక్కకు తిరిగి, "ఏమంటవ్ గుండయ్యా?" అన్నాడు. గుండయ్య ఉప్పు అమ్మేవాడు. వరదలో పోయాడు.

సమ్మయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. కోపంగా డప్పు మీద కర్రతో బాదాడు. "అంగడి లేసింది! విన్నవా? లేసింది! నీ దోస్తులను గూడ తోల్కరా! అందరికి మా ఇంట్ల జాగ ఉంది, రాండ్రి!"

గాలి ఆగిపోయింది.

మొండయ్య బుద్ధిగా చాప చుట్టాడు. మూట నెత్తికెత్తుకున్నాడు. ఇంత తేలికని తెలిస్తే ఎన్నడో డప్పు కొట్టేవాణ్ణి కదా అని సమ్మయ్య తనను తానే తిట్టుకున్నాడు. ఇద్దరూ మెరక దారి పట్టారు.

కొంత దూరం పోయాక వాసన వచ్చింది. నానిన పొగాకు... బురద... వెనక తడి ఇసుకలో అడుగులు. ఒకరివి కావు. మూటలు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు.

"ఎనకకు చూడకు," మొండయ్య గుసగుసగా అన్నాడు. "కట్టయ్య ఎవరిండ్లకు వాళ్ళను పొమ్మనేటోడు. వీళ్ళ ఇండ్లు ఏట్ల కల్సినయ్ గదరా... నువ్వు మనింటికి పిలిస్తివి."

సమ్మయ్య చూడలేదు. తండ్రి రెక్క పట్టుకుని పరుగులాంటి నడకతో ఇంట్లోకొచ్చి పడ్డాడు. తలుపు వేసి గడియ పెట్టాడు. భయం వేసింది, నిజంగానే భయం వేసింది. అయినా తండ్రి ఇంట్లో ఉన్నాడు. తెల్లారేదాకా తలుపు తీయకపోతే సరి.

బయట ఎవరూ తలుపు తట్టలేదు. చాపలు పరుస్తున్న సర్రుమనే చప్పుడు మాత్రం... వాకిట్లో... ఇంటి చుట్టూ... గోడ అవతల ఎవరో దగ్గారు.

మొండయ్య చీరల మూట, చాప చంకలో పెట్టుకుని లేచాడు. ఆయన ముఖంలో ఎన్నడూ లేనంత నిమ్మళం. "ఇగ నాకోసం నీకు తిప్పల లేదు బిడ్డా. అంగడే ఇంటికొచ్చె."

"నాయినా, పోకు. నీ కాళ్ళు మొక్కుత."

ముసలాయన గడియ తీసి బయటికి వెళ్ళి చీకట్లో చాప పరిచాడు. సమ్మయ్య డప్పు అందుకుని బాదాడు. వాన పడకపోయినా తోలు తడిసి ముద్దయింది, పలకలేదు. గొంతు చించుకుని అరిచాడు. "అంగడి లేసింది! ఎవరిండ్లకు వాళ్ళు పోండ్రి! పోండ్రయ్యా!"

ఎవరూ లేవలేదు.

"భాగ్యా, పెరటి దిక్కు నుంచి నాయినను లోపలికి గుంజుదాం రా," అంటూ వెనక్కి తిరిగాడు. కట్టిన మూటల దగ్గర భాగ్యమ్మ లేదు. పెరటి తలుపు తెరిచి ఉంది.

ఆమె పెరట్లో తడి మట్టి మీద చతికిలబడి, ఎదుటి చీకట్లోకి చెయ్యి చాపి ఉంది. వేళ్ళు దగ్గరికి నొక్కి పెట్టింది. ఎవరి చేతులూ కనబడలేదు. ఆకుపచ్చ గాజొకటి, ఇసుక రాలుస్తూ, ఆమె వేళ్ళు దాటి మణికట్టు మీదికి జారింది. దాని వెనకే ఇంకొకటి...

"జర మెల్లగ, అవ్వా," అంది భాగ్యమ్మ నవ్వుతూ. "బిగువైతాంది."