గువ్వలబిలంలో మోగిన గంట

హెడ్‌ఫోనులో గంట మోగింది. మస్తానమ్మ చేయి అక్కడికక్కడే నిలిచిపోయింది.

“ఆగితే చాలదు,” అన్నది వెనుకనుంచి హైమవతి టీచరు. “అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పు. రెండు గీతలూ కలిసే చోట వస్తువుంటుంది.”

ఎర్రమల కొండల్లో వాననీరు వేల యేండ్లు తొలిచిన సున్నపురాతి గుహ ఆ గువ్వలబిలం. ఉద్యోగ విరమణ చేసిన సోషలు టీచరు హైమవతి ప్రతి ఆదివారం ఏడవ తరగతి పిల్లలకు మెటల్ డిటెక్టరు పట్టడం నేర్పుతున్నది. పొడవాటి కర్ర, దాని చివర గుండ్రని పళ్లెం. పళ్లెం కింద లోహముంటే చెవిలో చప్పుడవుతుంది. ఇనుమైతే పంది గురక, రాగియో వెండియో అయితే గుడిగంట. ఆ ఉదయం వచ్చినవారు ఇద్దరే, మస్తానమ్మ, మద్దిలేటి. అంతవరకు వారికి దొరికినవి రెండు సోడామూతలు, ఒక ఎద్దులాడం.

మస్తానమ్మ జానెడు లోతు మట్టి తీసింది. పచ్చని చిలుము పట్టిన మందపాటి రాగినాణెం బయటపడింది. దానిపై ఏనుగు బొమ్మ లీలగా కనిపిస్తున్నది.

“బంగారమా టీచరమ్మా?” మద్దిలేటి మెడ సాచాడు.

“కాదు. ఇది ఎక్కడ, ఎంత లోతున, దేని పక్కన పడి ఉన్నదో చూస్తేనే దీని కథ తెలుస్తుంది. పీకి జేబులో వేసుకొంటే వట్టి రాగిబిళ్ల. ఉన్నచోటనే పెట్టి మట్టి కప్పండి. ప్రభుత్వానికి తెలుపుదాం. ఈనాటికి పాఠం ముగిసింది.”

“సోడామూతలన్నా ఇస్తారా, అవీ ప్రభుత్వానికేనా?”

టీచరు బదులు చెప్పేలోపు బిలం నోట వెలుగు మూసుకుపోయింది.

ముగ్గురు మగవాళ్లు లోపలికి దూకారు. ముందున్నవాడు సుంకన్న. కొండమీది గుడిలో నంది పొట్టలో వజ్రాలున్నాయని నిరుడు గడ్డపారతో దానిని పగలగొట్టినవాడు. వజ్రాలు దొరకలేదు. ఎనిమిది వందల యేండ్ల నంది మాత్రం ఇక ఎవరికీ దొరకదు. వాడి వెనుక నిమ్మకాయల సంచితో ఒక రుద్రాక్షల స్వామి, గడ్డపారలతో సుంకన్న బామ్మర్ది.

సుంకన్న మద్దిలేటి మెడ ఒడిసిపట్టి కొడవలి ఎత్తాడు. బామ్మర్ది టీచరు చేతిలోని టార్చిని లాగి రాతికేసి కొట్టాడు.

“గమ్మునుండండి! ఇది బంగారం సూపిచ్చే మిషనంట గదా. సూపిచ్చండి, పిల్లోన్ని ఇడుచ్చా!” అన్నాడు సుంకన్న.

“ఇది ఏ లోహానికైనా పలుకుతుంది. బంగారమని ఏరి చూపదు,” అన్నది టీచరు.

“అబద్ధం!” స్వామి నిమ్మకాయ తిప్పాడు. “ధనలచ్చిమి పసిబిడ్డ చెవిలోనే మాట్లాడతాది. ఆ పాపను నడిపీ!”

పనిముట్టు పట్టగానే మస్తానమ్మకు పాఠం దానంతటదే నోటికి వచ్చింది. “సెల్లులు దగ్గరుంటే మిషను తప్పు పలుకుతాది సిన్నాయనా. గడ్డపారలు గూడా ఎనకాల దూరంగా పట్టుకోవల్ల.”

అందులో అబద్ధమేమీ లేదు. సెల్‌ఫోనులన్నీ బిలం నోటి దగ్గర బండమీదికి చేరాయి. సుంకన్న చేతిలోని పెద్ద బ్యాటరీ లైటు ఒక్కటే మిగిలింది.

హెడ్‌ఫోను సరిచేసే నెపంతో టీచరు మస్తానమ్మ చెవిదగ్గర వంగి గుసగుసలాడింది. “ఏం విన్నా ముఖంలో కనిపించనీయకు. నిధి దొరికితే, చూసినవాళ్లను వీళ్లు బయటికి పోనీయరు.”

లోపలి దారి సన్నబడింది. గబ్బిలాల రెట్ట కంపు గొంతును పట్టింది. ఎడమగోడ వెంట పళ్లెం ఆడిస్తూ మస్తానమ్మ అడుగులు లెక్కపెడుతున్నది. డెబ్బయి ఒకటి, డెబ్బయి రెండు...

చెవులు దద్దరిల్లాయి. ఒక గంట కాదు, గంటల వరుస! పళ్లెం ఎటు జరిపినా బారెడు మేర అదే మోత. ఆగరాదని తెలుసు. కానీ అలవాటు పడిన చేయి ఆగిపోయింది.

“ఏమే, ఆగితివే?” సుంకన్న గొంతు మెడమీద పడింది.

“తేలు!”

స్వామి ఎగిరి వెనక్కి గెంతాడు.

“తేలు మంత్రం రాదా స్వామీ?” అన్నాడు మద్దిలేటి. నెత్తిన మొట్టికాయ పడింది.

సుంకన్న లైటు నేలంతా తిరిగి, నేరుగా ఆమె ముఖంమీద నిలిచింది. “యాడుంది తేలు?”

“సందులో దూరె.”

లైటు కదలలేదు. చెవిలో మోత ఆగలేదు. రెప్ప వేయకుండా ఆమె వాడి చెప్పులకేసి చూస్తూ నిలిచింది. చివరకు వాడు ముందుకు తోశాడు. “నడు!”

మలుపు దాటాక ఒక పక్క కప్పు మోకాళ్లెత్తుకు దిగి రాతి అరుగులా నిలిచింది. ఆ అరుగు కిందికి పళ్లెం చాపగానే పంది గురక వినిపించింది. ఇనుము! పెద్దదే. మస్తానమ్మ హెడ్‌ఫోను తీసి సుంకన్న చెవులకు తగిలించింది.

“ఇను సిన్నాయనా.”

వాడికి గురకకూ గంటకూ తేడా తెలియదు. వాడి కళ్లు వెలిగాయి. “పలుకుతాంది! రేయ్, పలుకుతాంది!”

ముగ్గురూ అరుగు కిందికి బోర్లాపడి దూరారు. బామ్మర్ది ముందు తవ్వితే దాచుకొంటాడని సుంకన్న భయం, ఇద్దరూ కలిసి తనను ముంచుతారని స్వామి భయం. లైటు పట్టుకొని బయట నిలబడటానికి ఏ ఒక్కడూ ఒప్పుకోలేదు.

“రేయ్ పిల్లోడా! లైటు సక్కగ పట్టు!” సుంకన్న దానిని మద్దిలేటి చేతిలో పెట్టాడు.

గడ్డపారలు ఖంగుమన్నాయి. రాతికింద కనిపిస్తున్నవి ఆరు పాదాలు మాత్రమే.

“ఇంగ కొంచెం కిందికి!”

“పడ్తాండా సిన్నాయనా,” అంటూ మద్దిలేటి టీచరు వైపు చూశాడు. ఆమె తల ఊపింది. వాడు లైటు చెదరకుండా ఒక అడుగు వెనక్కి వేశాడు. మరొకటి. మస్తానమ్మ మిషనుకోసం వంగింది.

“వదిలెయ్!” టీచరు పెదవులు కదిలాయి.

మలుపు చేరగానే మద్దిలేటి లైటు తిప్పేశాడు. వెనుక చీకటి దభీమని మూసుకొన్నది. “లైటూ! రేయ్!” అన్న కేక, ఆ వెంటనే రాతికి తల తగిలిన చప్పుడు, ఒకరినొకరు తిట్టుకొనే బూతులు.

“తల వంచండి! కుడిగోడ వదలకండి!” టీచరు ఆజ్ఞ గుహంతా మారుమోగింది. మోకాళ్లు చీరుకుపోతున్నా టీచరూ పిల్లలిద్దరూ పాకుతూ, లేస్తూ, వెలుతురులోకి వచ్చిపడ్డారు.

టీచరు బండమీది తన ఫోను అందుకొని పోలీసులకు చెప్పింది. “గువ్వలబిలంలో ముగ్గురు మనుషులు వెలుగు లేక చిక్కుకొన్నారు. వాళ్లు దొంగలు. ముందు మనుషులను బయటికి తీయండి.”

గంటలో జీపు వచ్చింది. దానితోబాటు ఊరినుంచి నలభైమంది వచ్చారు, సాయానికట. సాయానికి పారలూ జల్లెడలూ ఎందుకో ఎవరూ చెప్పలేదు. దొంగలు బురదముద్దలై బయటికి వచ్చారు. వాళ్లు తవ్వి తీసినది విరిగి తుప్పుపట్టిన గడ్డపార. ఎప్పుడో తమవంటివాడే ఒకడు అక్కడ వదిలిపోయినది.

“పాపా,” ఎస్సై మస్తానమ్మ ముందు వంగాడు. “మిషను ఇంగ యాడన్నా పలికిందా?”

నలభై తలలు ముందుకు వంగాయి. మస్తానమ్మ టీచరు వైపు తిరిగింది. నువ్వే చెప్పమన్నట్టు టీచరు తల ఊపింది. చెవితో విన్నది టీచరు కాదు.

“పలికింది సార్,” అన్నది మస్తానమ్మ. “ఎన్ని అడుగుల కాడనో గూడా తెలుసు. ఈడ మాత్రం సెప్పను. కలెక్టరమ్మకు కాగితం మీద రాసిస్తా.”

గుంపులో ఎవరో జల్లెడను నేలకేసి కొట్టారు.