తల్లి అడిగిన మాత్ర

తెల్లవారింది. మురుంగపాక్కంలోని ఆ ఇంటికి పాలు వచ్చాయి, పేపరు వచ్చింది, నాగకుమారి మాత్రలు మాత్రం కనిపించలేదు. అలమరలో లేవు, టీవీ పక్కన లేవు. ఊపిరితిత్తుల్లోని క్యాన్సర్ గడ్డను అణచడానికి రోజూ పరగడుపున వేసుకునే మాత్రలవి. తనను అడక్కుండా ఒక్క పూట కూడా ఆపొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

నాగకుమారి వెతుక్కుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అత్త కనగం గడప మీద పసుపునీళ్లు చల్లుతోంది.

"అత్తా, నా మాత్రలు యాడ పెట్టినావు?"

"ఎత్తిపెట్టినా. అద్దంలో మొగం చూసుకున్నావా? మారియమ్మ తల్లి వచ్చుండాది. పొక్కులు మాడి తలకి నీళ్లు పోసేదాకా మాత్రలు తాకకూడదు."

వారం నుంచి నాగకుమారి మొహం, మెడ నిండా ఎర్రటి చీముపొక్కులు. నిజమే, చూసినవాళ్లెవరైనా అమ్మవారనే అనుకుంటారు.

"ఇది మాత్ర వల్ల వచ్చిందత్తా. ఇట్లా వస్తాదని డాక్టరమ్మ ముందే చెప్పింది."

"ఆయమ్మకేం తెలుసు తల్లి సంగతి!"

కరెంటాఫీసుకు బయల్దేరిన నాగకుమారి భర్త చెల్లప్పన్ ఒంటికాలికే చెప్పు తొడుక్కుని నిలబడ్డాడు. "ఇచ్చేయరాదా అమ్మా..." అని నసిగాడు.

"నువ్వు నోరు ముయ్‌రా!"

మూశాడు. ఆ ఇంట్లో అతనికి బాగా అలవాటైన పని అదే.

కనగం చెడ్డది కాదు. కోడలికి జబ్బని తెలిసినప్పట్నుంచీ కంటికి రెప్పలా చూసుకుంటోంది. చిన్నతనంలో ఆమె తమ్ముడికి అమ్మవారు పోస్తే ఎవరో మందు పట్టించారు, పిల్లాడు దక్కలేదు. మందు పట్టడం వల్లే పోయాడని ఇంట్లో అందరూ అన్నారు. ఆ భయం ఆమె కడుపులో అట్లాగే ఉండిపోయింది.

ఆ సంగతి తెలుసు కాబట్టే నాగకుమారికి అత్తను తిట్టడానికి నోరు రాలేదు. ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. అన్నాళ్లు మాత్ర లేకపోతే లోపలి గడ్డ ఊరుకుంటుందా? బతకాలని ఇంత గట్టిగా ఆమెకెప్పుడూ అనిపించలేదు. విసవిసా లోపలికి వెళ్లి, తన కోసం అత్త పరిచిన వేపాకు పక్క మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అయితే నా ఒంటి మీద ఉండేది తల్లే అంటావు?"

"తల్లే, తాయీ." కనగం చేతులు జోడించింది.

"తల్లి నోరు తెరిచి అడిగితే లేదనొచ్చునా?"

"అయ్యో, లేదంటే ఇల్లు నిలుస్తాదా! ఏం కావాల? లేత టెంకాయ నీళ్లా, అంబలా?"

"మాత్ర కావాల. ఇప్పుడు కావాల. రోజూ కావాల!"

 కనగం సాయం కోసం కొడుకు వైపు చూసింది.

"తల్లే అడుగుతా ఉంటే మనమెవరం అమ్మా వద్దనేదానికి?" అన్నాడు చెల్లప్పన్. పెళ్లయ్యాక అతను భార్య పక్షాన మాట్లాడడం బహుశా అదే మొదటిసారి.

ముసలామె బియ్యం డబ్బాలోంచి మాత్రల అట్ట తీసి అందించింది. నాగకుమారి ఒకటి మింగి, అత్తను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను నీ తమ్ముడి మాదిరి పోను అత్తా. ఈ పొద్దే ఆస్పత్రికి నాతో రా. నీ చెవులతో నువ్వే విను."

కనగం వెళ్లింది, వింది. ఇది అంటుకునేది కాదనీ, ఈ మాత్ర వేసుకునే చాలామందికి ఇట్లాగే పొక్కులొస్తాయనీ, పూతమందుతో తగ్గుతాయనీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆ రాత్రి నుంచి కోడలి మొహానికి పూతమందు రాసే పని కనగందే. మాత్ర తప్పకుండా వేయించే పనీ ఆమెదే.

తర్వాత తీసిన స్కానులో గడ్డ సగానికి సగం తగ్గింది. ఆ మాట విని అత్తాకోడళ్లిద్దరూ బస్సు దిగి వస్తుంటే ఎదురింటి వల్లి ఆపింది.

"ఏందక్కా, ఇంకా మొగమంతా మచ్చలు!"

నాగకుమారి చెయ్యి పైట మీదికి పోయింది. కనగం ఆ చెయ్యి పట్టి ఆపేసింది.

"కప్పుకోబాకు! బాగా చూడు వల్లీ. నా కోడలు చావుతో కొట్లాడి గెలుస్తా ఉండాదే!"

అంటూనే నడివీధిలో బావురుమంది. నాగకుమారి అత్త కళ్లు తుడిచి, ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, తలెత్తుకుని ఇంటికి నడిచింది.